కన్ను పెట్టని గుర్రం

బొమ్మకి రంగు ఎవరైనా వేస్తారు, కన్ను మాత్రం రోశమ్మే పెట్టాలి అనేది ఎర్రగట్టుపాడులో పాతమాట. పాతమాట కాబట్టి ఎవరూ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే ఆ బుధవారం పొద్దున అంత గొడవ జరిగేది కాదు.

రోశమ్మది కన్ను పెట్టే చెయ్యి. ఆ విద్య అత్త దగ్గర నేర్చుకుంది, విద్యతోపాటు మూడు కట్టడులు కూడా వచ్చాయి. కళ్ళు అన్నిటికన్నా చివర, బొమ్మని జనానికి చూపించే రోజు పొద్దున్నే, పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా పెట్టాలి. గుంపులో ఉన్న బొమ్మలైతే అందరికన్నా ముందున్నదానికి మొదట పెట్టాలి. ముందున్నది దారి చూడకపోతే వెనకవాటికి చూపెందుకు అనేది అత్త. ఇక కన్ను పెట్టాక ఆ బొమ్మని ఉన్నచోటునుంచి కదిలించడానికి ఎవరికీ హక్కు లేదు, చేయించుకున్న ఆసామికి కూడా. ముప్పై ఏళ్ళుగా రోశమ్మ ఈ మూడూ తప్పలేదు.

ఊళ్ళో వీరుల గుడి పక్కన కొత్తగా హాలు కట్టారు. అందులో పన్నెండడుగుల బల్లమీద పల్నాటి యుద్ధాన్ని బొమ్మలతో పెట్టించాలని కమిటీ ప్రెసిడెంటు సాంబశివరావు ముచ్చటపడ్డాడు. రెండుసార్లు సర్పంచి చేసిన మనిషి, ఆయన ముచ్చటపడితే కమిటీ మొత్తం ముచ్చటపడుతుంది. ఆయన కొడుకు ప్రవీణ్ ఫోన్లో ఎక్కడెక్కడి బొమ్మలో చూపించి దాన్ని డయోరమా అంటారన్నాడు. ఊరివాళ్ళు యుద్ధం బల్ల అన్నారు. పని రోశమ్మకీ ఆమె భర్త నాగులికీ వచ్చింది. నాగులు దుర్గిలో రాయి చెక్కే పనివాడు, రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. మెత్తరాయిలో జానెడేసి గుర్రాలు నలభై రెండు చెక్కాడు. రౌతుల్ని విడిగా చేసి, ఒక్కొక్కరి కింద ఇనపచీల దిగేసి, జీను మీద బెజ్జంలో నిలిచేట్టు అమర్చాడు. నలభై రెండో గుర్రానికి రౌతు లేడు. రౌతు పడిపోయాక ఒంటరిగా మిగిలిన గుర్రం అది, బల్ల చివర ఏటి ఒడ్డున తల వంచుకుని నిలబడి ఉంటుంది. 

రంగులూ, నేలా, చెట్లూ, ఏరూ రోశమ్మవి. ఎర్రమట్టి తెచ్చి మూడుసార్లు జల్లించి జిగురుతో అంటించింది. ఆమె కొడుకు మహేష్ నాపరాయి క్వారీలో లారీ తోలతాడు. వాడు తెచ్చిన రాతిపెంకులే బల్లమీద గుట్టలయ్యాయి. తుమ్మపుల్లలకి రంగు స్పాంజి ముక్కలు అతికించి చెట్లు చేసింది. ఏటి దగ్గర మాత్రం సాంబశివరావుతో తగాదా వచ్చింది. ఆయనకి నీలం నీళ్ళు కావాలి. వానాకాలం నాగులేరు ఎర్రగా పారుతుంది గానీ నీలంగా ఎప్పుడు పారిందో చూపించమని రోశమ్మ అడిగింది. క్యాలెండర్లో చూశానని ఆయన అనలేకపోయాడు. నీళ్ళు ఎర్రగానే వచ్చాయి. అప్పటికి ఆయన ఓడిపోవడం అదొక్కటే, అది ఆయనకి గుర్తుండిపోయి ఉంటుంది.

గుర్రాల కోసం రోశమ్మ నరసరావుపేట వెళ్ళింది. ఎద్దులకీ సింహాలకీ రంగులు వేసిన చెయ్యే గానీ గుర్రాన్ని దగ్గరగా చూసి ఎరగదు. అక్కడ జమాల్ అని పెళ్ళిళ్ళకి గుర్రాలు తోలుకెళ్ళే ఆయన ఉన్నాడు. ఆయన కొట్టం దగ్గర స్టూలు వేసుకుని రెండు రోజులు కూర్చుంది. తెల్లగుర్రం తెల్లగా ఉండదని, ముట్టె దగ్గర గులాబీ, మోకాళ్ళ దగ్గర బూడిదరంగు ఉంటాయని కనిపెట్టింది. చెమట పట్టిన మెడ ఒక ఛాయ ముదురుతుంది. కన్ను మనిషి కన్నులా గుండ్రంగా ఉండదు, తల పక్కకి ఉంటుంది, లోపలి నలుపు అడ్డంగా సాగి ఉంటుంది. ఇవన్నీ పాత నోటుపుస్తకంలో రంగు పెన్సిళ్ళతో దించుకుంది. సుల్తాన్ అనే దాని దగ్గరికి వచ్చేసరికి పెన్సిలు కాసేపు ఆగింది. రాగిరంగు గుర్రం, నుదుటినుంచి ముక్కుదాకా తెల్లచార. ఆ గుర్రాన్ని ఆమె ఎరుగును.

మూడేళ్ళ కిందట మహేష్ పెళ్ళికి వచ్చింది ఆ గుర్రమే.

ఊరేగింపు పెద్దబజారు మలుపుదాకా బాగానే వచ్చింది. అక్కడ సాంబశివరావు నలుగురు పెద్దమనుషుల్ని వెంటపెట్టుకుని ఎదురొచ్చాడు. కర్ర లేదు, తిట్టు లేదు. పెళ్ళికొడుకు మోకాలి మీద చెయ్యేసి, సొంత పినతండ్రి చెప్పినట్టు నవ్వుతూ చెప్పాడు: ఈ నాలుగు బారలూ దిగి నడువబ్బాయ్, అవతల మళ్ళీ ఎక్కుదువుగాని, ఊళ్ళో మాటెందుకు. మహేష్ తల్లివంక చూశాడు. కొత్తకోడలు పక్కనే ఉంది, వియ్యాలవారు ఉన్నారు, రోశమ్మ నోరు పెగల్లేదు. వాడు దిగాడు. జమాల్ కళ్ళెం పట్టుకుని నేలచూపులు చూస్తూ నడిచాడు. అవతలి మలుపు వచ్చాక ఎక్కమని అందరూ అన్నారు గానీ మహేష్ ఎక్కలేదు. పెళ్ళి ఫోటోల్లో గుర్రం ఉన్నవి మూడే ఉన్నాయి, వాటిని ఆ ఇంట్లో ఎవరూ తీసి చూడరు. ఆ రోజు కొట్టినా బాగుండేదని రోశమ్మ చానాసార్లు అనుకుంది. కొడితే కేసు పెట్టొచ్చు. మోకాలి మీద చెయ్యేసిన దానికి ఏం కేసు పెడతాం?

ఇప్పుడు గంగన్న సంగతి చెప్పాలి. పల్నాటి యుద్ధానికి ఎర్రగట్టుపాడు నుంచి వెళ్ళిన వీరుల్లో ముందు నడిచినవాడు గంగన్న అని ఊరంతా చెప్పుకుంటుంది. గంగన్నది ఊరికి ఎడంగా ఉన్న రోశమ్మావాళ్ళ పల్లె. ఆయన బల్లెం రోశమ్మ ఇంట్లోనే దేవుడి మూల ఉంటుంది. కార్తీకంలో వీరుల ఆయుధాలు గుడికి పోయేటప్పుడు ఆ బల్లెమే ముందు, తక్కినవన్నీ దాని వెనకే. దాన్ని పట్టుకున్న నాగులు కాళ్ళమీద పెద్దబజారు ఆడవాళ్ళు బిందెలతో నీళ్ళు పోస్తారు, సాంబశివరావు భార్యతో సహా. ఏడాదికి ఒకరోజు కాళ్ళకి నీళ్ళు పోసి, ఆ ఇంటి పెళ్ళికొడుకుని గుర్రం దించిన ఊరు అది. ఈ లెక్క ఏ బడిలో చెబుతారో రోశమ్మకి తెలియదు.

అందుకే బల్లమీద అందరికన్నా ముందు గంగన్నని పెట్టింది. చేతిలో బల్లెం, కింద రాగిరంగు గుర్రం, దాని నుదుటినుంచి ముక్కుదాకా తెల్లచార. ఆ ఒక్క గుర్రానికి తొమ్మిది రోజులు పట్టింది. నాగులు వచ్చి చూసి, చార మీద వేలు పెట్టబోయి తీసేసుకున్నాడు.

మంగళవారం మధ్యాహ్నం, రేపు ప్రారంభమనగా, సాంబశివరావు వచ్చాడు. పని ఉన్నప్పుడు రోశమ్మ ఆయనకి చెల్లెమ్మ, లేనప్పుడు ఏమే రోశమ్మా. ఆ రోజు చెల్లెమ్మ. గుట్టల్ని మెచ్చుకున్నాడు, చెట్లని మెచ్చుకున్నాడు, ఎర్రటి ఏటిని కూడా కష్టపడి మెచ్చుకున్నాడు. తర్వాత బల్లమొదట్లో ఆగిపోయాడు.

“ఇది జమాల్ గుర్రం గదూ?”

“అదే,” అంది రోశమ్మ.

ఆయన గొంతు సవరించుకున్నాడు. గంగన్న గొప్పోడే, కాదన్నదెవరు అన్నాడు. కానీ గుర్రమెక్కాడని ఎక్కడా రాసి లేదుగదా, పెద్ద పెద్దోళ్ళు వస్తన్నారు, చదువుకున్నోళ్ళు అడుగుతారు అన్నాడు. మీ ముత్తాతల తాత పెదరామయ్య గుర్రమెక్కాడని ఎక్కడ రాసుందో చూపించు అన్నా, నేనూ చదువుకుంటా అంది రోశమ్మ. బల్లమీద రెండో వరసలో నల్లగుర్రం మీద ఉన్నది ఆ పెదరామయ్యే. ఆయన మొహం కొంచెం మారింది గానీ నవ్వు చెదరలేదు. 

“ఆ ఒక్కణ్ణీ కిందికి దించు చెల్లెమ్మా. తీసెయ్యమంటల్లా. గుర్రం పక్కనే నిలబెట్టు, కళ్ళెం పట్టుకున్నట్టు. పెదరామయ్యని పైన కూర్చోబెట్టు. ఊళ్ళో మాటెందుకు?”

అదే గొంతు. అదే నవ్వు. చెయ్యి వేయడానికి మోకాలు లేదు గాబోలు, బల్ల అంచుమీద వేశాడు. రోశమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. దించటం మాత్రమే అయితే అదొక తీరు. దించి, పైన వాళ్ళ తాతని ఎక్కించి, కింద తమవాడి చేత కళ్ళెం పట్టించాలట. దించను అంది. ఆ ఒక్కమాటే అంది, చేతిలో ఉన్న కుంచెలు గుడ్డతో తుడిచి పెట్టుకుని ఇంటికి పోయింది.

బుధవారం పొద్దున తలంటుకుని, మెతుకు ముట్టకుండా, కన్ను కుంచె తీసుకుని హాలుకొచ్చింది. ఆ కుంచె ఉడత తోక వెంట్రుకలు నాలుగు దారంతో కట్టింది, అత్తనాటిది. తలుపు తీసేసరికి గంగన్న నేలమీద ఉన్నాడు.

ప్రవీణ్ పనే అది. ముందురోజు సాయంత్రం తండ్రి చెబితే వచ్చి చేశాడు. గంగన్నని పైకి లాగడంలో చీల వంగిపోయింది. బల్లెం తీసి వెనకెక్కడో గుచ్చాడు. ఖాళీ అయిన చేతికి నల్లదారం కట్టి, ఆ దారం రెండో కొస గుర్రం నోటికి కట్టాడు. జీను మీద పెదరామయ్య తలపాగాతో దర్జాగా కూర్చుని ఉన్నాడు. కాళ్ళు చాపి రౌతులా కూర్చునేట్టు చేసిన బొమ్మ కావటంతో నేలమీద గంగన్న కాళ్ళు ఎడంగా, మోకాళ్ళు వంగి, ఎవరో కొట్టబోతే జడుసుకున్న మనిషిలా ఉన్నాడు. ఐదు నెలల పనిలో ఎక్కడా తప్పు పట్టలేని చేతులు రోశమ్మవి, నాగులివి. ఇప్పుడు వచ్చినవాళ్ళందరూ ముందుగా చూసేది ఇదే.

ఆమె ఏడవలేదు. గోడవార చాప మీద కూర్చుంది. కన్ను కుంచె ఒళ్ళో పెట్టుకుంది.

తొమ్మిదింటికి ఊరు పోగైంది. బడిపిల్లల్ని వరసకట్టించారు. గుడి మెట్లకింద నాగులు బల్లెం పట్టుకుని నిలబడ్డాడు, పక్కన మహేష్. బల్లెం ముందు లోపలికి రావాలి, ఆ తర్వాతే రిబ్బను. మాచర్ల దాటారని పెద్దలనుంచి ఫోనొచ్చింది. సాంబశివరావు లోపలికొచ్చి చూస్తే నలభై రెండు గుర్రాలకీ కళ్ళు లేవు. తెల్లటి గుంటలతో గుడ్డి సైన్యం నిలబడి ఉంది.

ఏందమ్మా ఇది అని అడిగాడు. ముందున్నదానికి పెట్టకుండా వెనకవాటికి పెట్టటం మా ఇంట లేదు అంది. ముందున్నదానికి పెట్టు మరి అన్నాడు. ముందు రావాల్సినోడు ముందు లేడు అంది. పని ఒప్పుకుని ఇప్పుడు ఇట్టా చేస్తే ఎట్టా అని కమిటీవాళ్ళు తలా ఒకమాట అన్నారు. బతిమాలారు, గదమాయించారు, మళ్ళీ బతిమాలారు. రోశమ్మ చాప మీదనుంచి లేవలేదు. 

ప్రవీణ్‌కి చిరాకేసింది. చుక్కలు పెట్టడానికి ఇంత నాటకమెందుకన్నాడు, జేబులోంచి నల్ల మార్కరు తీశాడు. అందుబాటులో ఉన్న చివరి గుర్రాన్ని, ఆ రౌతు లేని దాన్ని పట్టుకుని, రెండు వైపులా పెట్టాల్సిన కళ్ళని నుదుటిమీద పక్కపక్కన రెండు గుండ్రాలుగా పెట్టాడు. కిటికీలోంచి చూస్తున్న బడిపిల్లలు కిసుక్కున నవ్వారు. బొంగరం మింగినట్టుంది గుర్రం మొహం. నవ్వు కిటికీనుంచి వాకిట్లోకీ, వాకిట్లోంచి బజార్లోకీ పాకింది. ప్రవీణ్ మార్కరుకి మూత పెట్టాడు.

అప్పుడు సాంబశివరావు తల్లి శేషమ్మ చేతికర్రతో బల్లదాకా వచ్చింది. ఎనభై దాటిన మనిషి, చూపు తక్కువ. ఒంగి, మొహం దగ్గర పెట్టి చూసింది.

“ఏందిరా, మీ తాతని గుడ్డిగుర్రం ఎక్కించావా?”

హాలంతా వినబడింది. ఆవిడ రోశమ్మ పక్షాన అనలేదు, అంత ఆలోచన ఆవిడకి లేదు. వీరుల హాల్లో గుడ్డిగుర్రం మీద ఇంటిపెద్దని కూర్చోబెట్టటం అశుభమని ఆవిడ భయం. కానీ ఆ మాటతో జనంలో గుసగుస మొదలైంది. బల్లెం ఇంకా బయటే ఉంది, గుర్రాలకి చూపు లేదు, ఊరికి ఏం మూడిందోనని ఎవరో అన్నారు. సాంబశివరావు వాకిలివైపు చూశాడు. లోపలికి రమ్మని నాగులికి సైగ చేశాడు. నాగులు బల్లెం దించలేదు, అడుగూ వేయలేదు. బయట కార్ల హారను వినిపించింది.

ఆయన రోశమ్మ ముందుకొచ్చి నిలబడ్డాడు. నవ్వు లేదు.

“సరే. ఎక్కించుకో.”

“నేనెందుకెక్కిస్తా?” అంది రోశమ్మ. “దించింది మీరు. మీ చేత్తో ఎక్కించండి.”

కమిటీలో ఒకాయన మర్యాద మర్యాద అన్నాడు. మర్యాద అన్నమాట వినేసరికి మూడేళ్ళుగా గొంతులో అడ్డంపడి ఉన్నది కదిలింది రోశమ్మకి. ఆమె అరవలేదు. అక్కడున్న అందరికీ వినపడేట్టు మాత్రం అంది. 

“మా మహేష్‌గాణ్ణి మోకాలు పట్టుకుని దించినప్పుడు మర్యాదగానే దించాడు ఈయన. నాలుగు బారలే గదా అన్నాడు. ఇప్పుడు బెత్తెడు బొమ్మ. ఎక్కించటానికి నాలుగు బారలు కూడా లేదు, జానెడు. ఎక్కించమను.”

వాకిట్లో మహేష్ తలెత్తాడు. సాంబశివరావు చొక్కాచేతులు పైకి మడిచి బల్ల దగ్గరికి నడిచాడు. పెదరామయ్యని తీసి మళ్ళీ నల్లగుర్రం మీద పెట్టాడు. గంగన్న చేతికున్న దారం విప్పబోతే ముడి పడిపోయింది, వేళ్ళు లావు, ముడి చిన్నది. పంటితో కొరికాడు. వంగిన చీలని బల్లచెక్కకి ఆనించి నొక్కి సాపుచేయాల్సొచ్చింది. బెజ్జంలో దిగలేదు. నడుం పట్టుకుని కిందినుంచి ఎత్తు అన్నా, తలపట్టుకుంటే రాదు అని రోశమ్మ చాపమీదనుంచే చెప్పింది. నడుం పట్టుకుని ఎత్తాడు. మొహమంతా చెమట పోసింది. ఈసారి చీల దిగింది. వెనక గుచ్చిన బల్లెం వెతికి తెచ్చి గంగన్న చేతిలో పెట్టాడు. 

అప్పుడు లేచింది రోశమ్మ.

సుల్తాన్‌కి మొదట కన్ను పెట్టింది. గోధుమరంగు, మధ్యలో అడ్డంగా నలుపు, దానిమీద ఆవగింజలో సగం తెల్లచుక్క. ఆ తెల్లచుక్క పడగానే రాయి చూడటం మొదలెట్టింది. నాగులు బల్లెంతో గడప దాటాడు, వెనకే మహేష్. పెద్దలు వచ్చారు, రిబ్బను కత్తిరించారు, మాట్లాడారు. రోశమ్మ ఎవరివంకా తిరక్కుండా వరసగా పెట్టుకుంటూ పోయింది. పెదరామయ్య నల్లగుర్రానికి కూడా అంత శ్రద్ధగానే పెట్టింది, అది గుర్రం తప్పు కాదు. నలభై ఒకటీ అయ్యేసరికి పన్నెండు దాటింది. చివరి గుర్రం దగ్గర గుడ్డకి టర్పెంటైను అద్దుకుని ప్రవీణ్ పెట్టిన మార్కరు తుడిచింది. తుడిచిన చోట మళ్ళీ తెలుపు పూసింది. కుంచె కడిగేసింది.

సాంబశివరావు గమనించాడు. జనం పల్చబడ్డాక దగ్గరకొచ్చి, మెల్లగా, ఒకటి మిగిలిపోయింది చెల్లెమ్మా అన్నాడు.

“మిగల్లా. ఉంచా.”

“ఎందుకని?”

“అది మా వాడిది. పెద్దబజార్లో ఆ నాలుగు బారలూ వాడు గుర్రం మీద పోయిన పొద్దున వచ్చి పెడతా. ఈలోపు ఎవరన్నా అడిగితే ఎందుకు పెట్టలేదో మీరే చెప్పండి, ప్రెసిడెంటుగారు గదా.”

ఆ మధ్యాహ్నమే అద్దాలు బిగించారు. బడిపిల్లలు చివరిసారి చుట్టూ తిరిగి చూస్తున్నారు. రెండు జడల పిల్ల ఒకతి ఏటి ఒడ్డున ఆగి, అద్దానికి ముక్కు ఆనించి చూసింది. పక్కనే నిలబడి ఉన్న సాంబశివరావు చొక్కా పట్టుకుని లాగింది.

“తాతా, ఈ గుర్రానికి కళ్ళు లేవేం?”